సూపర్‌హీరో సినిమాల్లో కంటిన్యుటీ తప్పులు: పగిలిన ల్యాంప్ తర్వాతి షాట్‌లో ఎలా అతుక్కుంటుంది?

2002లో విడుదలైన 'స్పైడర్‌మ్యాన్' సినిమాలో పీటర్ పార్కర్ తనకు కొత్తగా వచ్చిన శక్తులను గదిలో పరీక్షించుకునే సన్నివేశం ఒకటి ఉంది. మణికట్టు నుంచి సాలెదారం వదిలి, ఎదురుగా ఉన్న ల్యాంప్‌ను గుంజుతాడు. అది ఎగిరి వెళ్లి గోడకు కొట్టుకుని ముక్కలవుతుంది. చప్పుడు విని, అతన్ని పెంచిన ఆంట్ మే తలుపు దగ్గరికి వస్తుంది. ఆ తర్వాత చూస్తే ల్యాంప్ ఎక్కడిదక్కడే చెక్కుచెదరకుండా ఉంటుంది.

సుమారు 13.9 కోట్ల డాలర్ల ఖర్చుతో తీసిన సినిమా అది. అమెరికాలో తొలి వారాంతంలోనే 10 కోట్ల డాలర్ల వసూళ్లు దాటిన మొదటి చిత్రం కూడా. అంత డబ్బు పెట్టి తీసినవాళ్లు ఒక ల్యాంప్‌ను చూసుకోలేకపోయారా అని ప్రేక్షకుడికి అనిపించడం సహజం.

కానీ తెరపై మిగిలిపోయే తప్పులన్నీ ఎవరూ చూడకపోవడం వల్ల మిగిలినవి కావు. కొన్నింటిని చూసి కూడా వదిలేస్తారు. కొన్నింటిని సరిదిద్దడానికి సమయం చాలదు. మరికొన్నింటిని సరిదిద్దబోతే కొత్త తప్పు పుడుతుంది. సూపర్‌హీరో సినిమాల్లో ఈ మూడు రకాలూ స్పష్టంగా కనిపిస్తాయి.

కంటిన్యుటీ అంటే ఏమిటి?

సినిమాను కథ నడిచే వరుసలో తీయరు. ఒకే గదిలో జరిగే సన్నివేశాలు సినిమాలో ఎక్కడెక్కడ ఉన్నా, ఆ సెట్ ఉన్నప్పుడే అన్నీ తీసేస్తారు. ఒక సన్నివేశంలోనూ ముందు మొత్తం కనిపించేలా వైడ్ షాట్ తీసి, తర్వాత ఒక్కొక్కరి క్లోజప్‌లు తీస్తారు. మధ్యలో లైట్లు మార్చాలి, భోజనాలు కావాలి, ఒక్కోసారి రోజే మారిపోతుంది.

ఇలా ముక్కలుగా తీసినదాన్ని వరుసగా చూసినప్పుడు ఒకే సమయంలో జరిగినట్టు అనిపించాలి. గ్లాసులో నీళ్ల మట్టం, గాయం ఉన్న చెయ్యి, చొక్కా మడత, ఎండ పడే దిక్కు అన్నీ కలవాలి. ఈ పొందికే కంటిన్యుటీ. అది తప్పినచోట కనిపించేది కంటిన్యుటీ తప్పు.

అయితే 'సినిమాలో తప్పులు' అంటూ ప్రచారంలో ఉండేవన్నీ ఒకే కోవలోకి రావు.

కంటిన్యుటీ తప్పు: వరుస షాట్ల మధ్య వస్తువు, దుస్తులు, వెలుతురు, మనుషుల స్థానం కలవకపోవడం.

నిర్మాణ లోపం: అద్దంలో కెమెరా ప్రతిబింబం, ఫ్రేమ్‌లోకి దిగిన మైకు, చెరపడం మరిచిన తాడు వంటివి కనిపించడం.

కథలో లొసుగు: షాట్లన్నీ కలిసినా, జరిగినదానికి కారణం చెప్పకపోవడం.

కాలక్రమ దోషం: కథ చెప్పే సంవత్సరాల లెక్క కుదరకపోవడం.

వీటిని కలిపేస్తే తప్పు ఎక్కడ జరిగిందో తెలియదు. మొదటిది సెట్‌లోనో ఎడిటింగ్ గదిలోనో పుడుతుంది. రెండోది సెట్‌లో పుట్టి గ్రాఫిక్స్ దశ దాకా వస్తుంది. చివరి రెండూ స్క్రిప్ట్ దగ్గరే మొదలవుతాయి.

పగిలిన కిటికీలు, పగలని కిటికీలు

'స్పైడర్‌మ్యాన్'లో ల్యాంప్‌తో పాటు తరచూ వినిపించే మరో ఉదాహరణ వానలో జరిగే పోరాటం. సందులో మేరీ జేన్‌ను నలుగురు చుట్టుముడతారు. స్పైడర్‌మ్యాన్ వచ్చి ఇద్దరిని ఆమె వెనకున్న రెండు కిటికీల మీదికి విసిరేస్తాడు. అద్దాలు భళ్లున పగులుతాయి. మిగతా ఇద్దరి పని పట్టాక కెమెరా మళ్లీ మేరీ జేన్ వైపు తిరుగుతుంది. వెనకున్న కిటికీలు రెండూ బాగానే ఉంటాయి.

షూటింగ్ పద్ధతి తెలిసినవారికి కారణం ఊహించడం కష్టం కాదు. ఇలాంటి దృశ్యాల్లో వాడేది సులువుగా పగిలే ప్రత్యేకమైన అద్దం. ఒకసారి పగిలితే కొత్తది బిగించి, ముక్కలు ఊడ్చి, మళ్లీ సిద్ధం కావాలి. అందుకే పగలగొట్టే షాట్లను విడిగా పెట్టుకుని, నటుల ముఖాలు కనిపించే షాట్లను వేరుగా తీస్తారు. రెండూ ఎడిటింగ్‌లో పక్కపక్కన చేరినప్పుడు తేడా బయటపడుతుంది.

ఈ పోరాటం వెంటనే తలకిందులుగా వేలాడే స్పైడర్‌మ్యాన్, మేరీ జేన్‌ల ముద్దు సన్నివేశం వస్తుంది. సినిమాలో ఎక్కువమందికి గుర్తుండిపోయింది అదే. ప్రేక్షకుడి చూపు ఆమె ముఖం మీద ఉన్నప్పుడు వెనకున్న కిటికీని ఎంతమంది చూస్తారు?

అదే చిత్రబృందం మరోచోట ఎంత పట్టుదల చూపిందో కూడా చెప్పుకోవాలి. కాలేజీలో కాదు, స్కూలు క్యాంటీన్‌లో మేరీ జేన్ జారిపడబోతే పీటర్ ఒక చేత్తో ఆమెను, మరో చేత్తో ట్రేను, గాల్లో ఉన్న తినుబండారాలను పట్టుకుంటాడు. అది గ్రాఫిక్స్ కాదు. ట్రే చేతికి అతుక్కునేలా జిగురు వాడి, టోబీ మాగ్వైర్‌తో నిజంగానే చేయించారు. చిత్రబృందం చెప్పిన లెక్క ప్రకారం దానికి 156 టేకులు పట్టాయి. తెరపై అది కొన్ని క్షణాలే.

సూపర్‌హీరో సినిమాకు ప్రత్యేకంగా ఉండే చిక్కులు వేరు. స్పైడర్‌మ్యాన్ దుస్తుల్లో నీలం ఉంది. గ్రీన్ గాబ్లిన్ కవచం ఆకుపచ్చ. నీలం తెర ముందు నిలబెడితే స్పైడర్‌మ్యాన్ దుస్తులు, ఆకుపచ్చ తెర ముందు నిలబెడితే గాబ్లిన్ కవచం నేపథ్యంతో పాటే మాయమవుతాయి. అందుకని గ్రాఫిక్స్ షాట్ల కోసం ఒకరిని ఆకుపచ్చ తెర ముందు, మరొకరిని నీలం తెర ముందు విడివిడిగా చిత్రీకరించి కలిపారు. ఎదురెదురుగా కొట్టుకుంటున్నట్టు కనిపించే ఇద్దరూ అలాంటి షాట్లలో ఒకే సమయంలో అక్కడ లేరు. చూపు కలవాలి, వెలుతురు కలవాలి, దెబ్బ తగిలే క్షణం కలవాలి. తప్పు జరగడానికి అవకాశాలు మామూలు సినిమా కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

ఎనిమిది నిమిషాల్లో రాత్రి

క్రిస్టఫర్ నోలన్ 2012లో తీసిన 'ది డార్క్ నైట్ రైజెస్'లో బేన్ ముఠా స్టాక్ ఎక్స్ఛేంజ్‌పై దాడి చేసేటప్పుడు పట్టపగలు. కంప్యూటర్‌లో నడుస్తున్న ప్రోగ్రామ్ పూర్తి కావడానికి ఇంకా 8 నిమిషాలు పడుతుందని వారిలో ఒకరు చెబుతారు. బందీలను వెంటబెట్టుకుని మోటార్‌సైకిళ్లపై బయటపడతారు. పోలీసులు వెంటాడతారు. కాసేపటికి బ్యాట్‌మ్యాన్ కనిపించేసరికి నగరమంతా చీకటి.

ఇది వెలుతురుకు సంబంధించిన కంటిన్యుటీ తప్పు. కానీ సెట్‌లో ఎవరో మరిచిపోయినందువల్ల జరిగింది కాదు. స్టాక్ మార్కెట్ పనిచేసేది పగలు. బ్యాట్‌మ్యాన్ చాలాకాలం తర్వాత మళ్లీ ప్రత్యక్షమయ్యే ఘట్టానికి చీకటి కావాలి. కథకు ఈ రెండూ అవసరమయ్యాయి, గడియారం వాటి మధ్య నలిగిపోయింది. '8 నిమిషాలు' అన్న మాట లేకుండా ఉంటే దీన్ని పట్టించుకునేవారు బహుశా తక్కువే ఉండేవారు.

ఇదే సినిమాలో భారతీయ ప్రేక్షకులు గుర్తుపట్టే చోటు ఒకటుంది. పాతాళం లాంటి జైలు నుంచి బ్రూస్ వేన్ పైకి ఎక్కి బయటికి వచ్చినప్పుడు వెనక కనిపించేది జోధ్‌పుర్‌లోని మెహ్రాన్‌గఢ్ కోట. దాన్ని తప్పు అనడానికి లేదు. జైలు ఏ దేశంలో ఉందో సినిమా చెప్పదు.

అక్కడి నుంచి చేతిలో చిల్లిగవ్వ లేని మనిషి, దారులన్నీ మూసేసిన గోథమ్ నగరంలోకి ఎలా చేరాడన్నదీ సినిమా చెప్పదు. ఇది కంటిన్యుటీ తప్పు కాదు, కథలో లొసుగు. స్క్రిప్ట్‌లో ఒక్క సన్నివేశం రాస్తే తీరిపోయేది. పగలు రాత్రి కావడం మాత్రం అలా తీరదు.

దర్శకుడు మారితే మనుషులూ మారతారు

కొన్ని తప్పులు తెర వెనక గొడవల ముద్రలు. 'సూపర్‌మ్యాన్ 2' ఇందుకు అందరికంటే పాత, పెద్ద ఉదాహరణ.

దర్శకుడు రిచర్డ్ డోనర్ 1977లో మొదటి సినిమాతో పాటే రెండో భాగాన్నీ తీయడం మొదలుపెట్టారు. నిర్మాతలతో విభేదాలు వచ్చాయి. 1978 డిసెంబరులో మొదటి భాగం విడుదలై ఘనవిజయం సాధించినా, రెండో భాగం పూర్తి చేసే అవకాశం ఆయనకు దక్కలేదు. రిచర్డ్ లెస్టర్ వచ్చి కొన్ని సన్నివేశాలను మళ్లీ తీశారు, కొన్ని కొత్తగా కలిపారు.

అప్పటికి నటుల రూపురేఖల్లో తేడా వచ్చేసింది. లోయిస్ లేన్‌గా నటించిన మార్గో కిడ్డర్ జుట్టు, ముఖం, సూపర్‌మ్యాన్‌గా నటించిన క్రిస్టఫర్ రీవ్ శరీరం సన్నివేశానికీ సన్నివేశానికీ మారుతుంటాయి. లెక్స్ లూథర్ పాత్రధారి జీన్ హ్యాక్‌మన్ లెస్టర్ షూటింగ్‌కు రాలేదు. కొన్నిచోట్ల డూప్‌తో, మరొకరి గొంతుతో నెట్టుకొచ్చారు.

2006లో డోనర్ కూర్పు విడిగా విడుదలైంది. క్లార్క్ కెంటే సూపర్‌మ్యాన్ అని లోయిస్ నిరూపించే హోటల్ సన్నివేశాన్ని డోనర్ ఎన్నడూ చిత్రీకరించలేకపోయారు. దాంతో రీవ్, కిడ్డర్‌ల పాత స్క్రీన్ టెస్ట్‌లను తీసుకుని ఆ సన్నివేశాన్ని కూర్చారు. అవి వేర్వేరు రోజుల్లో తీసినవి. ఒకే సంభాషణలో రీవ్ జుట్టు మారుతుంది, ఒకసారి బక్కగా, ఒకసారి కండలతో కనిపిస్తాడు. కంటిన్యుటీ కొలతతో చూస్తే ఇంతకంటే పెద్ద తప్పు ఉండదు. కానీ ఆ సన్నివేశం కావాలంటే అదొక్కటే దారి. తెలిసి చేసిన ఆ తప్పును అభిమానులు ఒక చారిత్రక ఆధారంగానే చూస్తారు.

నాలుగు దశాబ్దాల తర్వాత మరో సూపర్‌మ్యాన్‌కూ ఇలాంటి కష్టమే వచ్చింది. 2017లో కుటుంబంలో జరిగిన విషాదం కారణంగా జాక్ స్నైడర్ 'జస్టిస్ లీగ్' నుంచి తప్పుకున్నారు. జాస్ వీడన్ చాలా సన్నివేశాలను మళ్లీ తీశారు. అప్పటికి సూపర్‌మ్యాన్ పాత్రధారి హెన్రీ కావిల్ 'మిషన్ ఇంపాసిబుల్: ఫాలౌట్' కోసం మీసం పెంచి ఉన్నారు. దాన్ని తీయడానికి ఆ సినిమా నిర్మించిన పారామౌంట్ ఒప్పుకోలేదు.

దాంతో మీసంతోనే నటింపజేసి, కంప్యూటర్‌లో చెరిపేశారు. సినిమా మొదట్లో పిల్లలు ఫోన్‌లో సూపర్‌మ్యాన్‌ను ప్రశ్నలడిగే సన్నివేశంలోనే పై పెదవి అసహజంగా కదలడం ప్రేక్షకులు గమనించారు. పాత, కొత్త షాట్లు కలవాలని చేసిన దిద్దుబాటే సినిమాలోని అన్నిటికంటే పేరుమోసిన తప్పయింది. 2021లో స్నైడర్ తన కూర్పును విడుదల చేసినప్పుడు ఆ షాట్లు లేవు, ఆ సమస్యా లేదు.

ఇరవై సినిమాలకు ఒకటే క్యాలెండర్

మార్వెల్ సినిమాలతో కంటిన్యుటీ అన్న మాట పరిధి పెరిగింది. పక్క షాట్‌తోనే కాదు, పదేళ్ల కిందటి సినిమాతోనూ లెక్క కలవాలి.

2017 నాటి 'స్పైడర్‌మ్యాన్: హోమ్‌కమింగ్' 2012లో వచ్చిన 'ది అవెంజర్స్'లోని న్యూయార్క్ యుద్ధం ముగిసిన రోజులతో మొదలవుతుంది. వెంటనే తెరపై '8 ఏళ్ల తర్వాత' అని పడుతుంది. ఆ లెక్కన కథ 2020లో జరగాలి. కానీ పీటర్ అప్పుడే 2016 నాటి 'సివిల్ వార్' నుంచి ఇంటికి తిరిగి వచ్చాడు. లెక్కలో నాలుగేళ్లు ఎక్కువయ్యాయి.

'సివిల్ వార్' దర్శకుల్లో ఒకరైన జో రూసో ఆ 8 ఏళ్ల లెక్క తప్పేనని బహిరంగంగా అంగీకరించారు. అధికారిక కాలక్రమంలో మార్వెల్ ఆ కథను 2016లోనే ఉంచింది. సినిమాలో అక్షరాలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఈ తప్పుకు సెట్‌లో ఉన్నవారెవరూ బాధ్యులు కారు. అన్ని సినిమాలనూ ఒకే కథగా అమ్మినప్పుడు, ప్రేక్షకుడు కూడా ఒకే కథగానే లెక్కలు చూస్తాడు.

చూసి కూడా ఎందుకు వదిలేస్తారు?

'అపోకలిప్స్ నౌ' వంటి చిత్రాలకు పనిచేసిన ఎడిటర్ వాల్టర్ మర్చ్ ఒక షాట్ నుంచి మరో షాట్‌కు వెళ్లేటప్పుడు చూడాల్సిన ఆరు విషయాలకు విలువలు కట్టారు. భావోద్వేగానికి 51 శాతం, కథకు 23 శాతం, లయకు 10 శాతం. షాట్ల మధ్య స్థలం, స్థానాల పొందికకు ఆయన ఇచ్చింది 4 శాతమే, అదీ చివరి స్థానంలో. అన్నీ కుదరకపోతే వదులుకోవాల్సింది ముందు దాన్నేనని ఆయన సూత్రం.

నటన బాగున్న టేక్‌లో గ్లాసు తప్పు చేతిలో ఉందనుకుందాం. గ్లాసు సరిగ్గా ఉన్న టేక్‌లో నటన చప్పగా ఉంది. చాలామంది ఎడిటర్లు మొదటిదే ఎంచుకుంటారు.

ప్రేక్షకుల చూపు కూడా వారికి సాయం చేస్తుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ లెవిన్, డేనియల్ సైమన్స్ 1997లో ఒక ప్రయోగ ఫలితాలు ప్రచురించారు. ఇద్దరు మహిళలు మాట్లాడుకునే చిన్న వీడియోలో కావాలనే 9 కంటిన్యుటీ తప్పులు పెట్టారు. ప్లేట్ల రంగు మారుతుంది, మెడలోని స్కార్ఫ్ మాయమై మళ్లీ వస్తుంది. ముందుగా చెప్పకుండా చూపిస్తే 10 మందిలో ఒక్కరే ఏదో మారిందని గమనించారు.

థియేటర్లో మనం చూసేది వస్తువులను కాదు, మనుషులను. తప్పులు బయటపడేది రెండోసారో పదోసారో, ఆపి ఆపి చూసినప్పుడే. డీవీడీలు, ఆ తర్వాత ఓటీటీలు వచ్చాక తప్పుల జాబితాలు పెరగడానికి కారణం సినిమాలు నాసిరకం కావడం కాదు, ఆపి చూసే సదుపాయం రావడమే.

కాపలా ఎవరిది?

హాలీవుడ్‌లో సెట్‌పై ఈ బాధ్యత స్క్రిప్ట్ సూపర్‌వైజర్‌ది. ఏ టేక్‌లో నటుడు ఏ మాట దగ్గర కూర్చున్నాడు, ఏ చెయ్యి ఎత్తాడు, లెన్స్ ఏది అన్నీ రాసుకునే మనిషి. ఆ పనిలో ఎక్కువగా మహిళలే ఉండటంతో ఒకప్పుడు 'స్క్రిప్ట్ గర్ల్' అని పిలిచేవారు. ఒకప్పుడు పోలరాయిడ్ ఫొటోలు, ఇప్పుడు ట్యాబ్‌లు వారి ఆయుధాలు.

తెలుగు సినిమాల్లో ఈ పనిని సాధారణంగా అసిస్టెంట్ డైరెక్టర్లే చూస్తారు. కంటిన్యుటీ రాసుకోవడం, స్టిల్ ఫొటోలతో పోల్చుకోవడం ఈ రంగంలో కొత్తగా చేరినవారు నేర్చుకునే తొలి పాఠాల్లో ఒకటి. పని సరిగ్గా జరిగితే ఎవరికీ కనిపించదు, తప్పితే అందరికీ కనిపిస్తుంది.

చెరిపేసే చేతులు

సెట్‌పై పట్టుబడని తప్పులు గ్రాఫిక్స్ విభాగానికి చేరతాయి. నటుణ్ని గాల్లో లేపిన తాడును ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ చెరపడం, అద్దంలో కనిపించిన కెమెరాను తుడిచేయడం, నటుడి అంచుల వెంట గీత గీసి నేపథ్యం నుంచి విడదీయడం. చివరిదాన్ని 'రోటో' అని, మొదటి రెంటినీ 'పెయింట్' అని ఆ రంగంలో పిలుస్తారు.

సినిమా సెకనుకు 24 ఫ్రేములు. 5 సెకన్ల షాట్ అంటే 120 ఫ్రేములు. హాలీవుడ్ సినిమాల రోటో, పెయింట్ పనుల్లో పెద్ద భాగం ముంబయి, చెన్నై, హైదరాబాద్, బెంగళూరు వంటి నగరాల్లోని స్టూడియోలకు వస్తుంటుంది. మనం తెరపై చూడని తప్పులను చూడకుండా చేసినవారిలో మన ఊళ్ల పిల్లలూ ఉన్నారు.

విడుదల తేదీ ముందే ప్రకటిస్తారు, అది కదలదు. కథ, సన్నివేశాలు మాత్రం చివరి వారాల దాకా మారుతుంటాయి. ఆ రెంటి మధ్య దూరాన్ని పూడ్చేది ఈ కళాకారుల రాత్రులే. మార్వెల్ స్టూడియోస్‌లో నేరుగా పనిచేసే వీఎఫ్ఎక్స్ సిబ్బంది 2023 సెప్టెంబరులో యూనియన్‌కు అనుకూలంగా ఏకగ్రీవంగా ఓటేశారు. కాంట్రాక్టు స్టూడియోల్లో పనిచేసేవారికి ఆ రక్షణ వర్తించదు. ఎంపీసీ వంటి స్టూడియోలను నడిపిన టెక్నికలర్ గ్రూప్ 2025 ఫిబ్రవరిలో కుప్పకూలినప్పుడు భారత్‌లోనూ వేలమంది ఉద్యోగులపై దెబ్బ పడింది.

అందుకే 'గ్రాఫిక్స్ వాళ్లు నాసిరకంగా చేశారు' అనే ముందు వారికి ఎన్ని రోజులు ఇచ్చారన్నది అడగాలి. కావిల్ పెదవి విషయంలోనూ అసలు ప్రశ్న అదే.

విడుదలయ్యాక దిద్దితే?

ఇప్పుడు విడుదలైన తర్వాత కూడా తప్పును తుడిచేయవచ్చు. సూపర్‌హీరో కథ కాకపోయినా 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' ఇందుకు తెలిసిన ఉదాహరణ. 2019 మేలో ప్రసారమైన ఒక ఎపిసోడ్‌లో బల్లపై కాఫీ కప్పు ఉండిపోయింది. ప్రపంచమంతా నవ్వింది. రెండు రోజుల్లోనే హెచ్‌బీఓ స్ట్రీమింగ్ కాపీలో దాన్ని మాయం చేసింది.

కప్పు పోతే నష్టమేమీ లేదు. కానీ ఈ రోజు కప్పు, రేపు ఒక సంభాషణ, ఎల్లుండి ఒక దృశ్యం మారితే, జనం తొలిరోజు చూసిన సినిమా ఏదో చెప్పడానికి ఆధారం ఉండదు. 'సూపర్‌మ్యాన్ 2' రెండు కూర్పులూ పక్కపక్కన దొరకబట్టే ఇద్దరు దర్శకుల పనిని పోల్చగలుగుతున్నాం. దిద్దినప్పుడు దిద్దామని చెప్పడం, పాత కాపీని భద్రపరచడం కనీస మర్యాద.

తప్పు కనిపిస్తే ఏం అడగాలి?

ఇది షాట్ల మధ్య తేడానా, కథలో లొసుగా? ఆ క్షణంలో దర్శకుడు మన చూపును ఎక్కడ నిలపాలనుకున్నారు? మళ్లీ తీయడానికి ఏం కావాలి, ఎంత సమయం ఉంది? మధ్యలో దర్శకుడో, నటుడో, విడుదల తేదీయో మారిందా? ఆ తప్పు వల్ల కథ అర్థం మారిందా, లేక గదిలో ఒక వస్తువు మాత్రమే మారిందా?

చివరి ప్రశ్నకు వచ్చే జవాబే ముఖ్యం. కిటికీలు పగలకపోయినా మేరీ జేన్ కథ మారదు. 'హోమ్‌కమింగ్'లోని 8 ఏళ్లు నిజమైతే మాత్రం తర్వాత వచ్చిన సినిమాల వరుసంతా తలకిందులవుతుంది. జాబితాల్లో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి. బరువులో మాత్రం ఒకటి కావు.